చరిత్ర మాస్టారి కాగితాలు కళాశాలకు చేరేటప్పుడు: కట్టలు విప్పే ముందు చేయవలసినవి

గజపతి జిల్లాలోని ఒక కళాశాలలో చరిత్ర చెబుతున్న మీరు అడిగినదాన్ని, తరువాత చదివేవారికి కూడా తెలిసేలా, ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ కళాశాలలోనే చాలాకాలం చరిత్ర బోధించిన, మీకు స్వయంగా గురువైన ప్రొఫెసరుగారు కాలం చేశారు. ఆయన భార్య, అంటే అమ్మగారు, బరంపురంలోని ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ, మాస్టారి కాగితాలన్నీ కళాశాలకు ఇస్తామన్నారు. ట్రంకుపెట్టెలు, ఒక ఇనుప బీరువా, కార్డులు నింపిన చెక్కపెట్టెలు, క్యాసెట్లు, శాసనాల మసి అచ్చులు, రెండు తాటాకు కట్టలు ఉన్నాయని రాశారు. పుస్తకాలను గ్రంథాలయంలో కలిపేసి, మిగతావి విషయాలవారీగా సర్ది, చిరుగుతున్న కాగితాలకు లామినేషన్ చేయిస్తే సరిపోతుందని గ్రంథాలయాధికారిగారు అంటున్నారు. తెలుగు కాగితాలను ఆంధ్రలోని ఏదైనా సంస్థకు, ఒడియా కాగితాలను భువనేశ్వర్‌కు పంపడం మంచిదని మరొకరు సలహా ఇచ్చారు. వీటిలో ఏది చేయాలి, తాటాకు కట్టలను ఎవరికి అప్పగించాలి అన్నది మీ ప్రశ్న.

గంజాం ప్రాంతపు కళాశాలల్లో రికార్డు గదుల పని చాలా ఏళ్లు చూసినవాడిగా నేను చెప్పగలిగినదంతా ఒక్క మాటలో ఉంది: దేన్నీ దేని నుంచీ విడదీయకండి. చెదలు తిన్న కాగితానికి ఒక మూల పోతుంది గాని, తన కట్ట నుంచి విడిపోయిన కాగితం ఎవరిదో, ఎందుకు రాసినదో, ఏ మాటకు ఆధారమో తెలియకుండా పోతుంది. మొదటి నష్టాన్ని తగ్గించడానికి మందులున్నాయి, మనుషులున్నారు. రెండో నష్టాన్ని సరిదిద్దే దారి లేదు.

దస్త్రాల పనిలో ఇది పాత సూత్రమే. ఒకే వ్యక్తి లేదా ఒకే కార్యాలయం నుంచి వచ్చిన కాగితాలను మరొకరి కాగితాలతో కలపకూడదని ఫ్రాన్సు ప్రభుత్వం 1841లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ కాగితాలు వాటిని తయారుచేసి వాడుకున్నవారి చేతిలో ఏ వరుసలో ఉండేవో ఆ వరుసను గౌరవించాలన్న నియమాన్ని 1898లో ముగ్గురు డచ్చి దస్త్రాధికారులు సూత్రబద్ధం చేశారు. ఇప్పటికీ ప్రపంచమంతటా అభిలేఖాగారాలు, అంటే పాత దస్త్రాలను భద్రపరిచే సంస్థలు, నడిచేది ఈ రెండింటి మీదనే. గ్రంథాలయం నడిచే పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం, ఎందుకంటే పుస్తకం దేనికది పూర్తి వస్తువు కాబట్టి దాన్ని విషయాన్ని బట్టి ఏ అరలో పెట్టినా దాని అర్థం మారదు. కాగితం అలా కాదు. మీ గ్రంథాలయాధికారిగారి సలహాలో చెడు ఉద్దేశం ఏమీ లేదు, ఆయన నేర్చుకున్న విద్య పుస్తకాలకు సరిపోయే విద్య, అంతే. ఆయన్ను పక్కన పెట్టకుండా ఈ తేడాను కూర్చుని వివరించండి, ఎందుకంటే రేపు మీరు బదిలీ అయినా ఆ గది తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి.

మన సరిహద్దు జిల్లాల్లో ఈ సూత్రానికి మరింత బలం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. ఆ రోజున బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి పట్టణం, ఆ జమీందారీలో కొంత భాగం, దాని మన్యం ఒరిస్సాకు వెళ్లాయి. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు భూములు మద్రాసులోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. జయపురం సంస్థానం కోరాపుట్ జిల్లాగా మారింది. 1992లో గంజాం నుంచి గజపతి జిల్లా, కోరాపుట్ నుంచి రాయగడ జిల్లా విడిపోయాయి. ఫలితంగా వంశధార పక్కన ఉన్న ఏదో ఒక ఊరి భూమి తగాదా గురించి తెలుసుకోవాలంటే, కాలాన్ని బట్టి, చెన్నై ఎగ్మూరులోని పాత మద్రాసు దస్త్రాలు, భువనేశ్వర్‌లోని రాష్ట్ర అభిలేఖాగారం, జిల్లా కలెక్టరు కార్యాలయపు రికార్డు గది, జమీందారీ కుటుంబాల ఇళ్లు అన్నీ తిరగవలసిందే. మాస్టారి తరం వాళ్లు అలా తిరిగి, ఫొటోకాపీ యంత్రాలు కూడా అందుబాటులో లేని రోజుల్లో చేత్తో ఎత్తి రాసుకున్నారు. మూడు చోట్ల మూడు భాషల్లో చెదిరిపోయిన ఒకే ఊరి కథ ఆయన నోటుపుస్తకంలో ఒక్కచోట ఉంటుంది. తెలుగువి ఒక పక్కకు, ఒడియావి మరొక పక్కకు పంపితే 1936లో గీసిన గీతను ఆయన బల్ల మీద మళ్లీ గీసినట్టే అవుతుంది. ఆ సలహా ఎంత గౌరవనీయులు ఇచ్చినా ఒప్పుకోకండి. ఆంధ్ర వైపు సంస్థలకు ఆసక్తి ఉంటే డిజిటల్ ప్రతులు సంతోషంగా ఇవ్వవచ్చు.

ఇక పని ఎక్కడ మొదలవ్వాలి? కళాశాలలో కాదు, బరంపురంలోని ఇంట్లో. ఒక్క వస్తువునూ కదిలించక ముందే మాస్టారి గదిని నాలుగు మూలల నుంచి ఫొటోలు తీయండి. తరువాత బీరువా తెరిచి ఒక్కొక్క అరను, ప్రతి పెట్టెను మూత తీసిన స్థితిలో, పైనున్న కట్టలతో సహా ఫొటో తీయండి. బీరువాకు అ, మొదటి ట్రంకుకు ఆ, ఇలా గుర్తులు పెట్టి, ఏ కట్ట ఏ అరలో ఎన్నవదో పెన్సిల్‌తో చీటీ రాసి కట్టలో పెట్టండి. బల్ల మీద ఉన్నవి, మంచం పక్కన ఉన్నవి విడిగా గుర్తించండి, చివరి రోజుల్లో ఆయన దేని మీద పనిచేస్తున్నారో చెప్పేవి అవే. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడకు ఓపిక ఉన్నంతసేపు, ఎవరి ఉత్తరాలు ఏ సంచిలో ఉండేవి, ఏ ఊరికి ఎప్పుడు వెళ్లారు, ఫొటోలో ఉన్న మనుషులెవరు అని అడిగి ఆవిడ అనుమతితో ఫోనులో రికార్డు చేయండి. ఇల్లు ఖాళీ అయిన తరువాత ఆ జ్ఞానం మరెక్కడా దొరకదు.

ఆ వరుస ఎందుకు ముఖ్యమో చూపడానికి నేను చూసిన ఒక దస్త్రం చెబుతాను. అది పాతకాలపు దారపు ట్యాగుతో కట్టిన మామూలు అట్ట ఫైలు. పైన మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వు ఒకదాని నకలు, నీలి సిరాతో, సంఖ్య, తేదీలతో. దాని కింద గోడ క్యాలెండరు నుంచి చింపిన ఒక నెల కాగితం. సర్దేవాళ్లెవరైనా దాన్ని చెత్త అనుకుని తీసేస్తారు. వెనక్కి తిప్పితే ఆ ఊరి చెరువు గట్టు, కాలువ, రెండు వీధులు పెన్సిల్‌తో గీసి ఉన్నాయి. ఒక వీధికి తెలుగులో పేరు, మరొక వీధికి ఒడియాలో పేరు, మూలగా ఉత్తర్వులోని సర్వే నంబరు, దాని పక్కన ఊళ్లో ఎవరో పెద్దమనిషి చెప్పిన మాట రెండు పంక్తుల్లో ఉన్నాయి. పైనున్న నకలుకు అసలు చెన్నైలో ఉంది, ఎవరైనా వెళ్లి చూడవచ్చు. కింది క్యాలెండరు కాగితానికి మరో ప్రతి లోకంలో లేదు. పైగా ఆ నెల, సంవత్సరం చూస్తేనే ఆ ఊరికి ఆయన ఎప్పుడు వెళ్లారో దాదాపుగా తెలుస్తుంది. విషయాలవారీగా సర్దితే ఉత్తర్వు 'భూమి శిస్తు'లోకి, పటం 'పటాల'లోకి పోయేవి, రెండూ ఒకదానికొకటి ఆధారమన్న సంగతి శాశ్వతంగా మరుగునపడేది.

కార్డుల పెట్టెల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఆ తరం చరిత్రకారులు ఒక్కొక్క సంగతిని ఒక్కొక్క చిన్న కార్డు మీద రాసుకుని, పుస్తకం రాసేటప్పుడు వాటిని తమ వాదన నడిచే తీరులో పేర్చుకునేవారు. అంటే కార్డుల వరుసే రాయని పుస్తకపు చిత్తుప్రతి. పెట్టె జారి కింద పడితే ఆ పుస్తకం పోయినట్టే. కాబట్టి పెట్టెను కదిలించే ముందే ముందు నుంచి వెనక్కి ప్రతి కార్డును వరుసగా ఫోనుతో ఫొటో తీయండి, తరువాత కార్డు వెనక పై మూలన మెత్తని పెన్సిల్‌తో సంఖ్య వేయండి. పెన్ను, రబ్బరు స్టాంపు ఏ కాగితం మీదా వాడకండి. కళాశాల ముద్ర ప్రతి పేజీ మీద కొట్టే అలవాటు మన దగ్గర బలంగా ఉంది, అది ఇక్కడ వద్దు.

పుస్తకాల్లో మాస్టారు అంచుల్లో రాసినవి, చీటీలు పెట్టినవి వేరే జాతి. వాటిని గ్రంథాలయపు యాక్సెషన్ రిజిస్టరులో (వచ్చిన పుస్తకాలను నమోదు చేసే పుస్తకంలో) ఎక్కించడంలో తప్పు లేదు గాని, ఒకే అరలో ఆయన పేరుతో కలిపి ఉంచాలి, ఇంటికి ఇవ్వకూడదు. చీటీని పేజీలోంచి తీయవలసి వస్తే ఏ పుస్తకం ఏ పేజీలోదో ఆ చీటీతోపాటే రాసి పెట్టండి. ఏ రాతా లేని మామూలు పాఠ్యపుస్తకాలు మాత్రం నిరభ్యంతరంగా సాధారణ అరల్లోకి పోవచ్చు.

కాగితాలు లోపలికి రాకముందే రాతపూర్వకమైన దానపత్రం ఉండాలి. చట్టప్రకారం చరాస్తిని అప్పగించడంతోనే దానం పూర్తవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా కాగితం మీద లేకపోతే పదేళ్ల తరువాత వచ్చే ప్రిన్సిపాలుకు ఇవి ఎవరివో, ఏ షరతుతో వచ్చాయో తెలియదు. అందులో వారసులందరి సంతకాలు ఉండాలి. కాగితం మీద హక్కు వేరు, అందులోని రచన మీద కాపీరైటు వేరు అన్న సంగతి స్పష్టంగా రాయాలి. మాస్టారి రచనల మీద కాపీరైటు వారసులకు చెందుతుంది, దాన్ని కళాశాలకు బదిలీ చేయదలిస్తే సంతకంతో కూడిన రాత అవసరం. మాస్టారికి ఇతరులు రాసిన ఉత్తరాల సంగతి ఇంకా సున్నితం: ఉత్తరం ఉన్న కాగితం ఈ కుటుంబానిది, ఉత్తరంలోని మాటల మీద హక్కు రాసినవారిది. రచయిత ఎవరో తెలిసిన అముద్రిత రచనను ప్రజలకు అందుబాటులో ఉన్న గ్రంథాలయంలో పరిశోధన కోసం గాని, ముద్రించే ఉద్దేశంతో గాని ప్రతి తీసుకునే వెసులుబాటు కాపీరైటు చట్టంలో ఉంది, అయితే అది రచయిత మరణించిన అరవై ఏళ్ల తరువాతనే వర్తిస్తుంది. కాబట్టి గదిలో కూర్చుని చదవనివ్వడం ఒకటి, ఇంటర్నెట్‌లో పెట్టడం మరొకటి అని పత్రంలోనే విడదీసి రాయండి. కళాశాల మూతపడినా, మరో సంస్థలో కలిసినా ఈ సేకరణ మొత్తంగా ఎక్కడికి వెళ్లాలో కూడా పేరుతో సహా రాయండి. నా అభిప్రాయంలో ఆ పత్రంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

కుటుంబ విషయాల ఉత్తరాలు, వైద్యం బిల్లులు, విద్యార్థుల మార్కుల జాబితాలు, సిద్ధాంత గ్రంథాల మీద పరీక్షకుడిగా రాసిన రహస్య నివేదికలు తప్పక బయటపడతాయి. చింపేయమని కుటుంబం తొందరపెట్టవచ్చు, లేదా మీకే ఇబ్బందిగా అనిపించవచ్చు. సొంత ఉత్తరాలను అమ్మగారు వెనక్కి తీసుకుంటామంటే అది ఆవిడ హక్కు, మారుమాట లేకుండా ఇచ్చేయండి. మిగిలిన సున్నితమైన వాటిని విడి కవరులో పెట్టి, ఎన్నేళ్లు మూసి ఉంచాలో కుటుంబంతో కలిసి తేల్చుకుని, ఆ కవరు ఏ దస్త్రం నుంచి వచ్చిందో అక్కడ ఒక చీటీ వదలండి. పరీక్షల రిజిస్టర్లవంటివి కళాశాల ఆస్తి, పరీక్షల విభాగానికే చేరాలి.

కట్టలు బరంపురం నుంచి వచ్చిన వెంటనే రికార్డు గదిలో పెట్టకండి. ఒక పొడి గదిలో, నేల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద బల్లలు వేసి రెండు మూడు వారాలు ఉంచండి. కాగితం మీద సన్నని పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉందని అర్థం. అటువంటి కాగితపు కట్టను మందపాటి పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా మూసి, సున్నా కన్నా పద్దెనిమిది డిగ్రీలు దిగువన ఉండే ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే పురుగు, గుడ్లు చస్తాయి. బయటికి తీశాక ఒక పూర్తి రోజు సంచి తెరవకూడదు, తెరిస్తే కాగితం మీద నీరు పడుతుంది. తాటాకులకు, ఫొటోలకు, క్యాసెట్లకు ఈ పద్ధతి వద్దు. నాఫ్తలీన్ ఉండల మీద మనకున్న నమ్మకం అతిగా ఉంది, గదిలో పనిచేసే మనిషికి అవి చేసే హాని ఎక్కువ, పురుగుకు చేసేది తక్కువ.

మన వాతావరణంలో కాగితానికి పెద్ద శత్రువు తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజు పడుతుంది, గోపాలపురం తీరం నుంచి పర్లాకిమిడి దాకా వానాకాలంలో అది రోజూ దాటుతుంది. కళాశాలలు చేసేదేమిటంటే, ఒక ఏసీ పెట్టించి ఉదయం పదింటికి వేసి సాయంత్రం ఐదింటికి కట్టేస్తాయి. దానివల్ల కాగితం రోజుకొకసారి ముడుచుకుని, రోజుకొకసారి ఉబ్బుతుంది, అసలు ఏసీ లేకపోవడం కన్నా అది చెడ్డది. ఇరవైనాలుగు గంటలూ నడపలేనప్పుడు ఏసీ జోలికి పోకుండా, పై అంతస్తులో, పడమటి ఎండ గోడకు తగలని గది చూసుకుని, గాలి ఆడేలా ఫ్యాన్లు, తేమ లాగే యంత్రం పెట్టుకోవడం మేలు. బీరువాలు, ర్యాకులు గోడకు జానెడు దూరంగా, నేలకు జానెడు ఎత్తుగా ఉండాలి. పై అంతస్తు అంటున్నది ఊరికే కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాలో వరదలు, కొండచరియలు విరిగిపడే పరిస్థితి తెచ్చింది. ఈ జిల్లాల్లో నేల అంతస్తులో రికార్డు గది పెట్టడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. అయితే నేరుగా పైకప్పు కింద ఉన్న చివరి అంతస్తు కూడా వద్దు, తుపానులో ముందు కారేది అదే. ఒకవేళ కాగితాలు తడిస్తే ఎండలో ఆరబెట్టకండి, తడిసినవాటిని బలవంతంగా విడదీయకండి. రెండు రోజుల్లోపు ఫ్యాను గాలికి, మధ్యమధ్య పీల్చే కాగితం పెట్టి ఆరబెట్టగలిగినన్ని ఆరబెట్టి, మిగిలినవి గడ్డకట్టించి ఉంచితే బూజు ఆగుతుంది, తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు. తీరంలో చేపలు, రొయ్యలు నిల్వ చేసే శీతల గిడ్డంగులు ఉన్నచోట ముందే మాట్లాడి ఉంచుకోవడం వివేకం.

లామినేషన్ విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఒక్క కాగితానికి కూడా చేయించకండి. జిరాక్సు షాపులో వేడితో అంటించే ప్లాస్టిక్ పొరను మళ్లీ తీయడం సాధ్యం కాదు, లోపలి ఆమ్లం లోపలే ఉండి కాగితాన్ని తింటూ ఉంటుంది. ఒకప్పుడు జాతీయ అభిలేఖాగారంలోనే అసిటోనుతో సెల్యులోజ్ అసిటేట్ పొర అంటించే పద్ధతిని రూపొందించి విస్తృతంగా వాడారు, ఆ రోజుల్లో అది వేల దస్త్రాలను చేతికందేలా చేసింది, కాని ఆ పొర కూడా కాలక్రమంలో చెడుతుందని తరువాత తేలింది. ఈనాడు చేసేది వెనక్కి తీయగలిగిన మరమ్మతు మాత్రమే: సన్నని జపాను కాగితం, గోధుమ పిండి నుంచి తీసిన గంజి, నేర్చుకున్న చెయ్యి. ఆ చెయ్యి లేనప్పుడు చిరిగిన కాగితాన్ని అలాగే ఆమ్లం లేని కవరులో పెట్టడమే మంచి పని. సెల్లోటేపు కూడా వద్దు, పాతది అంటుకుని ఉంటే పీకవద్దు. తుప్పు పట్టిన గుండుసూదులు, స్టాపిల్ పిన్నులు, జిగురుగా మారిన రబ్బరు బ్యాండ్లు మాత్రం నెమ్మదిగా తీసేయాలి, తీసినచోట ఏయే కాగితాలు కలిసి ఉన్నాయో తెలిసేలా మడత కాగితంలో ఉంచాలి. ఆమ్లం లేని పెట్టెలు ఖరీదు, డబ్బు లేకపోతే పత్తి గుడ్డతో తయారైన చేతి కాగితం కవర్లు, గంజి పోయేలా బాగా ఉతికిన తెల్ల నూలుగుడ్డ చాలు. రికార్డు గదుల్లో వాడే ఎర్రగుడ్డ తడిస్తే రంగు దిగుతుంది.

శాసనాల మసి అచ్చుల గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, నా మనసు మాత్రం వాటి దగ్గరే ఆగింది. తడికాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి, అక్షరాల గుంటల్లోకి కాగితాన్ని దింపి, పైన మసి అద్ది తీసినవి అవి. కాబట్టి అక్షరం సిరాలోనే కాదు, కాగితపు ఎత్తుపల్లాల్లో కూడా ఉంటుంది. ముడతలు పోవాలని ఇస్త్రీ చేసినా, బరువు పెట్టినా సగం అక్షరం పోతుంది, తడి తగిలితే మసి కరుగుతుంది. మడతల్లో ఉన్నవాటిని నెమ్మదిగా తెరిచి, వెడల్పైన గొట్టానికి వదులుగా చుట్టి, పైన నూలుగుడ్డ కప్పండి. పక్క నుంచి ఏటవాలుగా వెలుగు పడేలా దీపం పెట్టి ఫొటో తీస్తే మసిలో కనిపించని గీతలు కూడా తెలుస్తాయి. ముఖలింగంలోను, మహేంద్రగిరి మీది గుళ్లలోను ఉన్న ప్రసిద్ధ శాసనాల పాఠాలు అచ్చయి ఉన్నాయి, వాటి అచ్చులు పోయినా పూర్తి నష్టం కాదు. ఊరి గుడి స్తంభం మీదనో, చెరువు గట్టు రాయి మీదనో ఉన్న చిన్న శాసనం సంగతి వేరు. జీర్ణోద్ధరణ పేరుతో వాటి మీద సున్నం, సిమెంటు, పెయింటు పడిపోయాయి. అలాంటి రాయికి మాస్టారి అచ్చు ఒక్కటే మిగిలిన సాక్ష్యం కావచ్చు.

క్యాసెట్లను వినాలన్న ఉత్సాహంతో ఇంట్లోని పాత టేపురికార్డరులో వేయకండి, చెడిపోయిన టేపు ఒక్కసారి చుట్టుకుపోతే అంతే. మంచి యంత్రమున్న స్టూడియోలో, ఒకేసారి నడిపి, 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ నాణ్యతతో కుదించని వేవ్ ఫైలుగా ఎక్కించుకోవాలి. వాటిలో మన్యంలోని సవర, కొంధు గిరిజన పెద్దలు చెప్పిన మాటలుంటే, ఆ ఊళ్లకు ఒక ప్రతి చేరడం మన ధర్మమని నా నమ్మకం. వారి పేర్లను, చెప్పిన విషయాలను ఇంటర్నెట్‌లో పెట్టే ముందు ఆ కుటుంబాలను అడగాలి.

కాగితాలను స్కాన్ చేసేటప్పుడు రాతకు 300 డీపీఐ, ఫొటోలకు 600 డీపీఐ, టిఫ్ ఫైలు చాలు. కాగితాన్ని లోపలికి లాక్కునే స్కానర్లు వద్దు, చదునైన అద్దమున్నదో, పైనుంచి కెమెరా తీసేదో వాడాలి. మూడు ప్రతులు ఉండాలి, వాటిలో ఒకటి తీరానికి దూరంగా మరో ఊళ్లో ఉండాలి. మాస్టారి కంప్యూటరు గాని, ఫ్లాపీలు, సీడీలు గాని ఉంటే ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్ అలవాటు కాకముందు తెలుగును అను, శ్రీలిపి వంటి ఫాంట్లలోను, ఒడియాను ఆకృతి వంటి ఫాంట్లలోను కొట్టేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది, చెడిపోయిందనుకుని తుడిచేస్తారు. ఫైలుతోపాటు ఆ ఫాంటును, మాస్టారి యంత్రంలోనే తీసిన పీడీఎఫ్‌ను, ఆపైన యూనికోడ్‌లోకి మార్చిన ప్రతిని, నాలుగింటినీ కలిపి ఉంచండి.

జాబితా రాసేటప్పుడు ప్రతి కాగితాన్నీ వర్ణించబోయి మధ్యలో అలసి ఆగిపోయిన కళాశాలలు చాలా ఉన్నాయి. మొదటి ఏడాది దస్త్రం స్థాయిలో ఆగండి. ఉదాహరణకు: "బీరువా, రెండో అర, నాలుగో కట్ట. పర్లాకిమిడి జమీందారీ నీటిపారుదల తగాదాలు. నకళ్లు, క్షేత్ర వివరాలు, చేతి పటాలు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు. సుమారు అరవై ఆకులు. కొన్ని ఆకులకు పురుగు తగిలింది. చదవడానికి ఇవ్వవచ్చు." ఇంతే చాలు. అయితే ఊరి పేర్లను మాత్రం మూడు లిపుల్లోను, పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా ఇవ్వండి. పర్లాకిమిడిని పారలాఖెముండి అని వెతికేవాడికి, బరంపురాన్ని బ్రహ్మపుర అని వెతికేవాడికి, శ్రీకాకుళాన్ని చికాకోల్ అన్న పాత దస్త్రం చూసి వచ్చినవాడికి అందరికీ అదే దస్త్రం దొరకాలి. ఒడియా చదవగలిగిన విద్యార్థి ఒకరు, తెలుగు చదవగలిగినవారు ఒకరు కలిసి కూర్చుని రాస్తే తప్పులు తగ్గుతాయి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం వారి పాఠశాలలో కాగితాల సంరక్షణ మీద స్వల్పకాలిక శిక్షణ ఉంటుంది. మీ గ్రంథాలయాధికారిగారిని దానికి పంపమని ప్రిన్సిపాలుగారికి రాయండి, మంజూరు కావచ్చు.

కళాశాల అసలు ఇది మోయగలదా అన్న ప్రశ్నను కూడా దాటవేయకండి. 1896లో మొదలైన పర్లాకిమిడి కళాశాల వంటివి మన ప్రాంతంలో రాష్ట్రం కన్నా వయసులో పెద్దవి, అలాంటి చోట మాస్టారి కాగితాలు ఉండటంలో గొప్ప ఔచిత్యం ఉంది. కాని ఔచిత్యంతో గది తాళం తీసే మనిషి రాడు. వారానికి కొన్ని నిర్ణీత గంటలైనా తెరిచి ఉండే గది, జీతం ఉన్న ఒక బాధ్యుడు, ఏటా కొద్దిపాటి సొమ్ము, ఈ మూడూ రాతపూర్వకంగా ఇవ్వలేమని కళాశాల అంటే, మొత్తం సేకరణను చెక్కుచెదరకుండా బరంపురం విశ్వవిద్యాలయానికో, భువనేశ్వర్‌లోని రాష్ట్ర అభిలేఖాగారానికో ఇచ్చి, స్కాన్ చేసిన ప్రతులను మీ కళాశాలలో ఉంచుకోవడం మంచిది. దూరమైనా ఒక్కచోట ఉండటం, దగ్గరగా ఉండి పాడవడం కన్నా నయం.

చివరిగా తాటాకు కట్టలు. ముందు అవి మాస్టారివేనా, ఏ ఇంటి నుంచో చదవడానికి తెచ్చుకున్నవా అన్నది తేల్చండి. ఉత్తరాల్లోను, డైరీల్లోను వెతికితే తరచుగా జాడ దొరుకుతుంది, అమ్మగారికీ తెలిసి ఉండవచ్చు. అరువు తెచ్చినవైతే ఆ కుటుంబానికి చెప్పి, వారి అనుమతితో ఫొటోలు తీసుకుని, వారి ఇష్టప్రకారం చేయాలి. మాస్టారివే అయితే మిగతా సేకరణతో కలిపి ఉంచి, కట్ట ఎక్కడి నుంచి వచ్చిందో రాసి పెట్టండి. 75 ఏళ్లు దాటిన, చారిత్రక విలువ గల రాతప్రతి 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువు అవుతుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం, కొంటామని వచ్చేవారి మాట ఎత్తనివ్వకండి. ఆకులకు నూనె పూయడం, మసి పట్టించడం, కొత్త తాడు ఎక్కించడం మీరు చేయవద్దు. భువనేశ్వర్‌లోని రాష్ట్ర మ్యూజియంలో తాటాకు ప్రతుల పెద్ద సేకరణ, వాటిని చూసుకునే నిపుణులు ఉన్నారు. వారికి ఫొటోలు పంపి, కట్టను స్వయంగా తీసుకెళ్లి చూపించి, వారు చెప్పిన మరమ్మతు వారి చేతనే చేయించండి. అందాకా రెండు చెక్కపలకల మధ్య, బిగించకుండా, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, పక్కన ఎండిన వసకొమ్మును ఆకులకు తగలకుండా చిన్న గుడ్డసంచిలో పెట్టి ఉంచితే సరిపోతుంది.